కండలు పెంచుతున్నప్పుడు పడుకునే ముందు పిండిపదార్థాలు: ఎంత తినాలి, ఎప్పుడు తినాలి

సాయంత్రం ఉద్యోగం ముగించుకొని జిమ్‌కు వెళ్లి, రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరేవారికి కంచం ముందు కూర్చోగానే సందేహాలు మొదలవుతాయి. రాత్రిపూట అన్నం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టుకోమని ఇంట్లోవారు అంటారు. చీకటి పడ్డాక కార్బ్స్ (పిండిపదార్థాలు) ముట్టుకోవద్దని జిమ్‌లో ఒకరు హెచ్చరిస్తే, పడుకునే ముందు గెయినర్ (బరువు పెరగడానికి అమ్మే పొడి) కలుపుకొని తాగనిదే కండ పట్టదని మరొకరు నమ్మబలుకుతారు. ఈ మూడు సలహాలూ గడియారాన్నే చూస్తున్నాయి తప్ప, ఆ రోజు మీరు అప్పటివరకు ఏం తిన్నారో, ఎంత శ్రమ చేశారో, మళ్లీ ఎప్పుడు బరువులు ఎత్తబోతున్నారో చూడడం లేదు. పడుకునే ముందు తినవలసిన పిండిపదార్థాల పరిమాణం ఆ మూడింటి నుంచే తేలుతుంది కనుక, దాన్ని ఇంట్లోనే లెక్కకట్టుకొనే పద్ధతిని కింద వరుసగా ఇస్తున్నాను.

ముందుగా రక్తపరీక్ష చేయించుకోండి

తిండి పెంచే ముందు పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపేది) పరీక్షలు చేయించుకోవడం మన ప్రాంతంలో అతిజాగ్రత్త ఏమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్లు అంచనా వేశారు. పైగా శరీర గడియారం కారణంగా, ఉదయం తిన్న ఆహారమే రాత్రి తింటే రక్తంలో చక్కెర మరింత ఎక్కువగా పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ 5.7 శాతం లోపు ఉండి, మీకు ఇతర జబ్బులేవీ లేకపోతే కింది లెక్కలు మీకు వర్తిస్తాయి. 5.7 గాని, అంతకు మించి గాని ఉన్నా, మీరు మధుమేహానికి మాత్రలు వాడుతున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా రాత్రి తిండిలో మార్పులన్నీ వైద్యుణ్ణి అడిగాకే చేయాలి. మూత్రపిండాల సమస్య ఉన్నవారు ప్రొటీన్ విషయంలో కూడా అలాగే అడగాలి.

లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

తిన్న పిండిపదార్థాల్లో వెంటనే ఖర్చు కానిదాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల వరకు ఈ నిల్వ పడుతుంది. నిద్రలో మెదడుకు, రక్తానికి కావలసిన చక్కెరను కాలేయమే తన నిల్వ నుంచి అందిస్తుంది కాబట్టి తెల్లవారేసరికి అది బాగా తగ్గిపోతుంది. కండరం తన నిల్వను రక్తంలోకి తిరిగి వదలలేదు, ఎందుకంటే అందుకు కావలసిన ఎంజైమ్ కండరంలో లేదు. అందుచేత రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నంత మాత్రాన తొడల్లోని, భుజాల్లోని నిల్వ కరిగిపోదు. అది కరిగేది మీరు స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్‌లు చేసినప్పుడే. ఒక మోస్తరు బరువుల వ్యాయామం పనిచేసిన కండరాల్లోని గ్లైకోజెన్‌ను సుమారు 25 నుంచి 40 శాతం వరకు తగ్గిస్తుంది. ఆ రోజూ మరునాడూ కలిపి తగినంత తింటే ఇరవై నాలుగు గంటల్లో అది తిరిగి నిండుతుంది.

ఇక కండ పెరగడం సంగతి. పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ పెరుగుతుందనీ, ఇన్సులిన్ కండను కడుతుందనీ జిమ్‌లలో తరచూ వినిపిస్తుంది. ఇందులో నిజం సగమే. ఇన్సులిన్ ప్రధానంగా కండలోని ప్రొటీన్ విరిగిపోకుండా ఆపుతుంది, ఆ పనికి కొద్ది ఇన్సులిన్ చాలు, అంతమాత్రం ప్రొటీన్ తిన్నా విడుదలవుతుంది. ఒక పూటలో తగినంత ప్రొటీన్ తిన్న తర్వాత దానికి పిండిపదార్థాలు జోడించినంత మాత్రాన కొత్త కండ తయారయ్యే వేగం పెరగలేదని ప్రయోగాల్లో తేలింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 2012లో వెలువడిన ప్రయోగం ఈ విషయంలో చూడదగింది. రాత్రి ఎనిమిదింటికి బరువులెత్తిన యువకులందరికీ వ్యాయామం ముగియగానే 20 గ్రాముల ప్రొటీన్, 60 గ్రాముల పిండిపదార్థాలు ఇచ్చి, ఆ తర్వాత నిద్రకు అరగంట ముందు కొందరికి మాత్రమే 40 గ్రాముల కేసిన్ (పాలలో ఉండే, నెమ్మదిగా అరిగే) ప్రొటీన్ తాగించగా, తాగినవారిలో రాత్రిపూట కండరప్రొటీన్ తయారీ సుమారు 22 శాతం ఎక్కువగా కనిపించింది. అదే బృందం 2015లో 44 మంది యువకులపై పన్నెండు వారాలు జరిపిన అధ్యయనంలో పడుకునే ముందు 27.5 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాముల పిండిపదార్థాలు ఉన్న పానీయం తీసుకున్నవారికి బలమూ తొడకండరమూ ఎక్కువ పెరిగాయి. అయితే రెండో వర్గానికి ఇచ్చింది కేలరీలు లేని పానీయం కాబట్టి, ఫలితం పడుకొనే వేళ వల్ల వచ్చిందా, రోజు మొత్తంలో అదనంగా అందిన ప్రొటీన్ వల్ల వచ్చిందా అన్నది ఆ అధ్యయనం ఒక్కదానితో తేలదు. ఏ విధంగా చూసినా రాత్రి కంచంలో మొదటి స్థానం ప్రొటీన్‌దే. పిండిపదార్థాలు వ్యాయామానికి ఇంధనంగా, రోజు కేలరీల్లో మిగిలిన వెలితిని పూడ్చేవిగా ఆ తర్వాత వస్తాయి.

రాత్రి తిన్న అన్నమంతా కొవ్వుగా మారుతుందన్న భయానికి కూడా ఒక జవాబు ఉంది. ఇజ్రాయెల్‌లో స్థూలకాయులైన 78 మంది పోలీసు ఉద్యోగులపై ఆరు నెలలు జరిగి, 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, తక్కువ కేలరీల ఆహారంలోని పిండిపదార్థాలను చాలావరకు రాత్రి భోజనంలోనే తిన్నవారు బరువు తగ్గడంలో వెనకబడలేదు సరికదా, కొంత ఎక్కువే తగ్గారు. కొవ్వు పేరుకునేది రోజు మొత్తం మీద ఖర్చుకు మించి తిన్నప్పుడు. రాత్రి తిండి మీద నింద పడడానికి అసలు కారణం, టీవీ ముందు కూర్చుని లెక్క లేకుండా తినేది ఎక్కువగా ఆ వేళలోనే కావడం.

రోజు మొత్తం లెక్క వేయండి

ఒక కాగితం తీసుకొని మీ బరువు రాయండి. కండ పెంచుకునేవారికి కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్, 3 నుంచి 5 గ్రాముల పిండిపదార్థాలు అందేలా చూసుకోవడం వాడుకలో ఉన్న మంచి కొలత. వారానికి మూడు రోజులు వ్యాయామం చేసేవారు 3 దగ్గర, ఐదారు రోజులు గట్టిగా చేసేవారు 5 దగ్గర మొదలుపెట్టవచ్చు. 70 కిలోలున్న వ్యక్తి మధ్యస్థంగా 4 గ్రాములు ఎంచుకుంటే రోజుకు 280 గ్రాముల పిండిపదార్థాలు, 112 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం అవుతాయి.

ఇప్పుడు ఆ వ్యక్తి రాత్రివరకు తిన్నది చూద్దాం. ఉదయం మూడు ఇడ్లీలు, సాంబారు, రెండు గుడ్లు: పిండిపదార్థాలు సుమారు 46 గ్రాములు, ప్రొటీన్ 21. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం, పప్పు, కూర, పెరుగు: 110, 18. జిమ్‌కు ముందు ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన శనగలు: 48, 9. రెండు కప్పుల చక్కెర టీ: 16, 2. మొత్తం 220 గ్రాముల పిండిపదార్థాలు, 50 గ్రాముల ప్రొటీన్. అంటే రాత్రికి మిగిలింది 60 గ్రాముల పిండిపదార్థాలు, 62 గ్రాముల ప్రొటీన్.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడండి. మన ఇళ్లలో తినే పద్ధతిలో పిండిపదార్థాలు మధ్యాహ్నానికే సగం దాటిపోతాయి, సగానికి పైగా ప్రొటీన్ మాత్రం రాత్రికి బాకీ ఉండిపోతుంది. పడుకునే ముందు ఏ కార్బ్స్ తినాలని అడిగేవారిలో ఎక్కువమందికి అసలు కొరత వేరే చోట ఉందని ఈ లెక్క వేస్తే గాని తెలియదు. పై వ్యక్తి రాత్రి 150 గ్రాముల అన్నం, 150 గ్రాముల (పచ్చిగా తూచిన) ఎముకలేని కోడిమాంసం, ఒక కప్పు పెరుగు, రెండు ఉడికించిన గుడ్లు తిని, పడుకోబోయే ముందు పావు లీటరు పాలు తాగితే 61 గ్రాముల పిండిపదార్థాలు, దాదాపు 61 గ్రాముల ప్రొటీన్ అందుతాయి, రెండు లెక్కలూ సరిపోతాయి. శాకాహారులు కోడిమాంసానికి బదులు 50 గ్రాముల మీల్‌మేకర్ వండుకుంటే సుమారు 26 గ్రాములు, గుడ్లకు బదులు 100 గ్రాముల పనీర్ తింటే సుమారు 18 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాములకు పైగా పిండిపదార్థాలు కూడా ఉంటాయి కనుక అన్నంలో ఆ మేరకు 50 గ్రాములు తగ్గించుకోవాలి.

అన్నాన్ని ఒక్కసారి తూచి చూడండి

కప్పు, గిన్నె, గరిటె అనే కొలతలు ఇంటింటికీ మారతాయి. వంటింటి డిజిటల్ తూకం మీద మీరు రోజూ తినే కంచాన్నే ఉంచి, అంకెను సున్నాకు తెచ్చి, అలవాటుగా వడ్డించుకునే హస్తం (అన్నం గరిటె)తోనే ఒక్కసారి అన్నం పెట్టుకొని బరువు రాసుకోండి. రెండో హస్తం, మూడో హస్తం కూడా అలాగే వేసి చూస్తే, కొందరికి ఒక్కో హస్తం 80 గ్రాములు, కొందరికి 130 గ్రాములు తూగుతుంది. గట్టిగా అదిమి పెట్టే చేయి, వదులుగా జార్చే చేయి మధ్య తేడా అంత ఉంటుంది. ఉడికిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయని గుర్తుంచుకుంటే, ఆ తర్వాత మీ ఇంటి హస్తమే మీకు కొలత అవుతుంది, రోజూ తూకం తీయనక్కర్లేదు. నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండే అన్నంలో ఈ అంకె కొంత తగ్గుతుందని మాత్రం గమనించండి.

రెండు చపాతీల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఒక్కోదానికి 30 గ్రాముల పిండి పడితే రెండింటిలో దాదాపు 42 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, 150 గ్రాముల అన్నంలోనూ అంతే ఉంటాయి. పీచు, కొంచెం ప్రొటీన్ చపాతీలో ఎక్కువే, కానీ ఒక్కో చపాతీ మీద చెంచా నూనె రాసి కాలిస్తే చెంచాకు 45 కేలరీల చొప్పున చేరతాయి. అన్నం మానేశానన్న తృప్తితో మూడోది వేసుకునేవారు లెక్కలో వెనకబడినట్లే.

వేళను వ్యాయామాన్ని బట్టి నిర్ణయించండి

రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య వ్యాయామం చేసేవారికి పడుకునే ముందు పిండిపదార్థాలు నిజంగా అక్కరకు వస్తాయి, ఎందుకంటే ఖాళీ అయిన నిల్వను ఆ రాత్రే నింపుకోవడం మొదలుపెట్టడానికి వారికి ఆ ఒక్క భోజనమే ఉంది. ఇల్లు చేరిన అరగంటలో అసలు భోజనం ముగించి, దానికీ పడుకోవడానికీ మధ్య కనీసం గంటన్నర, వీలైతే రెండు గంటలు ఉండేలా చూసుకోండి. ఆకలి మిగిలితే పడుకోవడానికి అరగంట ముందు పాలో, పెరుగో తేలికగా తీసుకోండి.

తెల్లవారుజామున ఐదున్నరకు జిమ్‌కు వెళ్లేవారి పరిస్థితి వేరు. నిద్ర లేచాక కడుపునిండా తిని అరిగించుకునే సమయం ఉండదు కాబట్టి, వారు ఉదయం ఎత్తబోయే బరువులకు ఇంధనం నిన్నటి రాత్రి భోజనమే. రోజువారీ పిండిపదార్థాల్లో మూడో వంతు వరకు రాత్రి ఎనిమిది గంటల భోజనానికి మళ్లించి, ఉదయం బయలుదేరే ముందు ఒక చిన్న అరటిపండు తింటే రాత్రి తరిగిన కాలేయం నిల్వకూ కొంత ఊతం దొరుకుతుంది.

సాయంత్రం ఐదుకే వ్యాయామం ముగించి, ఏడున్నరకు భోంచేసి, మరునాడు సాయంత్రం దాకా బరువులు ముట్టనివారు పడుకునే ముందు ప్రత్యేకంగా పిండిపదార్థాలు తినవలసిన పని లేదు. మరునాటి మూడు పూటలు ఆ పని చేసిపెడతాయి. విశ్రాంతి రోజుల్లో కూడా అంతే.

హైదరాబాద్‌లో అమెరికా వేళల్లో పనిచేసి ఉదయం ఏడింటికి పడుకునేవారికి పడుకునే ముందు అంటే అల్పాహార సమయమే. వారు రాత్రి రెండు మూడు గంటలప్పుడు క్యాంటీన్‌లో పెద్ద భోజనం చేయకుండా, షిఫ్టుకు ముందు ప్రధాన భోజనం ముగించి, పొద్దున ఇంటికి వచ్చాక రెండు ఇడ్లీలు, గుడ్డుతో సరిపెట్టుకోవడం మేలు.

కంచంలో ఏముండాలి

పడుకునే వేళకు దగ్గరలో తినే పిండిపదార్థాలు తేలికగా అరిగేవై, మసాలా, నూనె తక్కువగా ఉండాలి. ఈ కొలతకు పెరుగన్నాన్ని మించినది నాకు కనిపించదు. 150 గ్రాముల అన్నం, 200 గ్రాముల పెరుగు కలిపితే 50 గ్రాముల పిండిపదార్థాలు, పది గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తాయి, పక్కన రెండు గుడ్లు ఉంటే ఒక పూట పూర్తవుతుంది. ఆవకాయ మాత్రం మధ్యాహ్నానికి అట్టిపెట్టుకోండి, నూనె, కారం, ఆవపిండితో పడుకుంటే గొంతులోకి పుల్లటి త్రేన్పులు వచ్చే అవకాశం ఎక్కువ. జొన్నరొట్టె అలవాటున్నవారికి 50 గ్రాముల పిండితో చేసిన రొట్టె ఒకటి సుమారు 35 గ్రాములు ఇస్తుంది, దాని పీచు కారణంగా కొందరికి కడుపు నిండుగా ఉండి నిద్ర ఆలస్యమవుతుంది కనుక భోజనంలో తినాలి, మంచమెక్కబోయే ముందు వద్దు. తేలికపాటి పూటకు పాలలో ఉడికించిన 40 గ్రాముల ఓట్స్, ఒక మోస్తరు అరటిపండు, 150 గ్రాముల ఉడికించిన చిలగడదుంప, పాలలో నానబెట్టిన గుప్పెడు అటుకులు బాగుంటాయి. ఇవన్నీ ఒక్కొక్కటి 25 నుంచి 40 గ్రాముల మధ్య ఇస్తాయి. పాలు పడనివారు పెరుగుకు మారవచ్చు.

అర్ధరాత్రి బిర్యానీలో అన్నం తప్పు ఏమీ లేదు, దానితోపాటు వచ్చే నెయ్యీ నూనే, తినే పరిమాణమూ లెక్కను తలకిందులు చేస్తాయి. పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు, మిఠాయిలు కూడా పిండిపదార్థాలే అయినా కడుపు నింపకుండా చక్కెరను మాత్రమే పెంచుతాయి.

గెయినర్ డబ్బా కొనే ముందు దాని వెనక ముద్రించిన పట్టిక చదవండి. చాలావాటిలో అధిక భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే తేలికగా అరిగే పిండిపదార్థమే, అదే కేలరీలు అన్నం, అరటిపండు, పాలు చాలా చవకగా ఇస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది. తిండితో 112 గ్రాములు చేరుకోలేని శాకాహారి డబ్బాలో వచ్చే కొలత చెంచాతో రోజుకు ఒక చెంచా వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసిన పొడి) తీసుకుంటే నేను తప్పుపట్టను గాని, కంచం సరిచేసుకోకముందే డబ్బా తెరవడం మాత్రం తప్పే.

నిద్రను చెడగొట్టేవాటిని తీసేయండి

కండ మరమ్మతుకు రాత్రి తిండి ఎంత అవసరమో నిద్ర అంతకంటే ఎక్కువ అవసరం. సిడ్నీలో పన్నెండు మంది యువకులపై జరిగి 2007లో వెలువడిన చిన్న ప్రయోగంలో, జాస్మిన్ బియ్యపు అన్నం నిద్రకు నాలుగు గంటల ముందు తిన్న రాత్రి సగటున 9 నిమిషాల్లో నిద్ర పట్టగా, అదే అన్నం గంట ముందు తింటే 14.6 నిమిషాలు పట్టింది. పన్నెండు మందితో పెద్ద తీర్మానాలు చేయలేము, అయినా పెద్ద భోజనాన్ని మంచానికి దూరంగా జరపమన్న పెద్దల మాటకు అది అనుకూలంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టక తిండిని తప్పుపట్టేవారు ముందు జిమ్‌కు వెళ్తూ తాగిన ప్రీవర్కౌట్‌నో (వ్యాయామానికి ముందు తాగే, కెఫీన్ ఉండే పానీయం), బ్లాక్ కాఫీనో గుర్తు చేసుకోవాలి. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి ఏడింటికి తాగినది అర్ధరాత్రికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. పడుకోబోతూ పాలు పావు లీటరు మించకుండా చూసుకుంటే మూత్రానికి లేవవలసిన అవసరమూ తగ్గుతుంది. పాలు, అరటిపండు తర్వాత పళ్లు తోముకోవడం మరవకండి.

నాలుగు వారాలు గమనించి మార్చండి

ప్రతి రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు బరువు చూసుకొని, వారానికొకసారి సగటు తీయండి. అదే రోజు బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. మొదటి వారంలో బరువు ఒక్కసారిగా కిలో పెరిగితే కంగారు పడనక్కర్లేదు, ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని నిల్వ చేస్తుంది, ఆ పెరుగుదలలో చాలావరకు నీరే. రెండో వారం నుంచి 70 కిలోల వ్యక్తికి వారానికి 175 నుంచి 350 గ్రాముల మధ్య పెరుగుదల ఉంటే రాత్రి లెక్క సరిగ్గా కుదిరినట్లు. బరువు కదలక, ఎత్తే బరువులూ పెరగకపోతే రాత్రి భోజనానికి 25 నుంచి 30 గ్రాముల పిండిపదార్థాలు, అంటే సుమారు 100 గ్రాముల అన్నం, జోడించి మరో రెండు వారాలు చూడండి.

బరువు అంతకంటే వేగంగా పెరుగుతూ నడుము కూడా పెరుగుతున్నా, మగవారిలో నడుము 90 సెంటీమీటర్లకు, ఆడవారిలో 80 సెంటీమీటర్లకు చేరువవుతున్నా తగ్గించడం మొదలుపెట్టాలి. తగ్గించేటప్పుడు ముందుగా పాలలో కలుపుకునే చక్కెర తీసేయండి, తర్వాత పడుకునే ముందు తినే అరటిపండు లేదా ఓట్స్, ఆ తర్వాత రాత్రి అన్నంలో ఒక హస్తం. గుడ్లు, కోడిమాంసం, పెరుగు, పప్పుల జోలికి మాత్రం వెళ్లకండి.